వాటా, చందా, ముడుపు

1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీకి కావలసిన మూలధనం కోసం దొరాబ్జీ టాటా మొదట లండన్ ద్రవ్య విపణిని ఆశ్రయించాడు. అక్కడ ఆశించిన స్పందన లభించలేదు. బొంబాయికి తిరిగివచ్చి, స్వదేశీ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ రోజులలో భారతీయులకే విజ్ఞప్తి చేయగా, మూడు వారాలలో సుమారు 8,000 మంది 16 లక్షల 30 వేల పౌండ్లు సమకూర్చారు. టాటా కార్యాలయం ఎదుట ఉదయం మొదలు రాత్రి వరకు జనం కిక్కిరిసి ఉండేవారనీ, వారిలో ధనికులతోపాటు పేదలూ, పురుషులతోపాటు స్త్రీలూ ఉన్నారనీ ఆనాటి ఇంజనీరు ఆక్సెల్ సాలిన్ వర్ణించాడు. వారు డబ్బు ఇచ్చిన నాటికి కర్మాగారం లేదు, కొలిమి లేదు. సుబర్ణరేఖ, ఖర్కయి నదుల సంగమం సమీపాన సాక్చి ఒక చిన్న గ్రామం మాత్రమే.

ఆశ పక్కనే అపహాస్యం కూడా ఉన్నది. బ్రిటిష్ ప్రమాణాలకు తగిన రైలు పట్టాలను టాటాలు తయారు చేయగలిగితే, వాటిలో ప్రతి పౌను ఉక్కునూ తానే తింటానని రైల్వేల ముఖ్య కమిషనర్ సర్ ఫ్రెడరిక్ అప్‌కాట్ అన్నాడని ప్రసిద్ధి. 1912 ఫిబ్రవరి 16న సాక్చిలో మొదటి ఉక్కు దిమ్మె వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1,500 మైళ్ల పట్టాలు ఇక్కడి నుంచి మెసొపొటేమియాకు ఎగుమతి అయినాయి. అప్‌కాట్ తన మాట నిలబెట్టుకొని ఉంటే ఆయనకు కొంత అజీర్తి చేసి ఉండేదని దొరాబ్జీ చమత్కరించాడు. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయినది. బెంగాల్ నాగపూర్ రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఆ కొలుముల వద్ద పనిచేసి, బిష్టుపూర్‌లో రామమందిరం నిర్మించుకున్న తెలుగు కుటుంబాలకు ఈ కథ కొత్తది కాదు.

అయితే దానిని ఇప్పుడు స్మరించడానికి వేరొక కారణం ఉన్నది. ఇంకా నిర్మాణం కాని వస్తువు కోసం అపరిచితులు వేల సంఖ్యలో ముందుగా డబ్బు ఇవ్వడం మన కాలంలో మళ్లీ ఒక ప్రధాన పద్ధతి అయినది. దానిని క్రౌడ్‌ఫండింగ్ అంటున్నారు. ఈ పద్ధతిలో మొదలైన ప్రయత్నాలలో మిక్కిలి పెద్దవాటిలో ఒకటి కర్మాగారం కాదు, ఆట. పేరు ‘స్టార్ సిటిజన్’. అంతరిక్షంలో ఓడలు నడుపుతూ, వర్తకం చేస్తూ, యుద్ధం చేస్తూ వేలాది ఆటగాళ్లు ఒకే విశ్వంలో జీవించే కంప్యూటర్ క్రీడ ఇది. 1990లో ‘వింగ్ కమాండర్’ అనే అంతరిక్ష క్రీడతో కీర్తి గడించిన క్రిస్ రాబర్ట్స్ 2012 అక్టోబరులో దీనిని ప్రకటించాడు. కిక్‌స్టార్టర్ అనే వేదిక మీద 21 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 2014లో విడుదల అన్నారు. 2022 నాటికి పోగైన సొమ్ము 50 కోట్ల డాలర్లు దాటింది. 2024లో 70 కోట్లు దాటింది. అప్పటికీ అది అసంపూర్ణ రూపంలోనే ఆడబడుతూ ఉన్నది. వంద నక్షత్ర వ్యవస్థలు ఉంటాయని మొదట చెప్పగా, రెండవ వ్యవస్థ ఆటలో చేరేసరికి 2024 డిసెంబరు వచ్చింది.

ఈ ఆట అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయి పన్నెండేళ్లకు పైగా వాదించుకున్నారు. ఒక వర్గం దానిని మహాప్రయత్నమంటుంది, రెండవ వర్గం మహావంచన అంటుంది. ఈ వాదాన్ని కుర్రకారు కాలక్షేపంగా కొట్టివేయరాదు. డబ్బుకూ మాటకూ గల సంబంధాన్ని గురించిన పాత ప్రశ్న ఒకటి అందులో కొత్త వేషంతో కనిపిస్తున్నది.

ఒక పనికి ముందుగా డబ్బు ఇవ్వడాన్ని చెప్పడానికి తెలుగులో మూడు మాటలు ఉన్నాయి. వాటా పెట్టినవాడికి లెక్క అడిగే హక్కు ఉంటుంది. లాభం వస్తే పంచుకుంటాడు, నష్టం వస్తే భరిస్తాడు. చందా కట్టినవాడికి లాభంలో భాగం లేదు. కాని చెప్పిన వస్తువు చెప్పిన వేళకు అతనికి అందాలి. పత్రిక రాకపోతే కార్డు ముక్క రాసి నిలదీస్తాడు. ముడుపు సంగతి వేరు. పసుపు గుడ్డలో రూపాయి మూటగట్టి దేవుడి గూటిలో పెట్టిన ఇల్లాలు దేవుడికి గడువు విధించదు. కోరిక తీరితే మొక్కు చెల్లిస్తుంది. తీరకపోతే తన భక్తిలోనే లోపం వెతుక్కుంటుంది.

1907లో బొంబాయి జనం పెట్టినది వాటా. స్టార్ సిటిజన్ అభిమానులు ఇచ్చిన సొమ్మును కంపెనీ ‘ప్లెడ్జ్’ అంటుంది. అంటే ప్రతిజ్ఞ, వాగ్దానం. ఈ పదాన్ని కాస్త నిలిచి పరిశీలించాలి. న్యాయంగా మాట ఇవ్వవలసినవాడు వస్తువు తయారుచేసేవాడు. ఇక్కడ మాట ఇచ్చినట్లు లెక్కలోకి వచ్చేది డబ్బు ఇచ్చినవాడు. పదం ఇట్లా తిరగబడిన చోటనే తగాదా మొదలైనది. సంశయవాదులు తాము చందా కట్టామనుకున్నారు, గడువులు లెక్కిస్తారు. ఆశావాదులు తెలిసో తెలియకో ముడుపు కట్టారు, ఓర్పును లెక్కిస్తారు. వాటా మాత్రం ఇరువురిలో ఎవరికీ లేదు.

ఆశావాదులను అమాయకులని తీసివేయడం తేలిక, న్యాయం కాదు. వారి నమ్మకానికి చరిత్ర ఉన్నది. రాబర్ట్స్ ఇంతకుముందు ‘ఫ్రీలాన్సర్’ అనే క్రీడను ఇదే స్థాయిలో ఊహించాడు. పని సాగక సంస్థ 2000లో మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. ఆయన తప్పుకున్నాడు. 2003లో వెలువడిన ఆట మంచిదే అయినా, మొదటి ఊహకు కుదించిన రూపం. ప్రచురణ సంస్థ ఉంటే కల కత్తిరింపుకు గురి అవుతుంది, జనమే పోషకులైతే కాదు అన్నది 2012 నాటి పిలుపులోని ఆకర్షణ.

ఇంతవరకు తయారైనది కూడా తక్కువది కాదు. ఆటగాడు తన ఓడలో పడక మీద నిద్రలేస్తాడు. నడవా వెంట నడిచి సారథి ఆసనంలో కూర్చుంటాడు. నగరం మీదుగా లేచి, వాతావరణం దాటి, శూన్యంలో కోట్ల మైళ్లు పయనించి, ఒక చంద్రుని మీద దిగి, తలుపు తెరుచుకొని ధూళిలో అడుగుపెడతాడు. ఇంతసేపూ ఎక్కడా తెర పడదు, దృశ్యం తెగదు. 2017 డిసెంబరులో మొదటిసారి చంద్రుల మీద దిగినవారు ఆ అనుభూతిని మరువకపోవడం సహజం. విస్తారమైన శూన్యం, అందులో ఒంటరి మనిషి, వెనక్కి తిరిగి చూస్తే తాను దిగివచ్చిన చిన్న ఓడ. ఈ చిత్రం కళాకృతి చేయవలసిన పని చేస్తున్నది. అదే ఆటగాడు అదే సాయంత్రం లిఫ్టు మీట నొక్కితే లిఫ్టు రాదు. వచ్చినా నేల గుండా జారి శూన్యంలో పడిపోతాడు. ఆశావాది మొదటి దృశ్యాన్ని చెబుతాడు, సంశయవాది రెండవదానిని. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

విమర్శకుడు పట్టించుకోవలసిన మరొక అంశం ఓడల అమ్మకం. ఆటలో ఇంకా లేని ఓడను, కేవలం చిత్రం గీసి, వర్ణన రాసి, అసలు డబ్బుకు అమ్ముతారు. ఆ వర్ణనలు కొత్త కారు ప్రకటనల వలె మహా నేర్పుగా ఉంటాయి. 2018లో దాదాపు అన్ని ఓడలనూ కలిపి 27,000 డాలర్లకు ఒక మూటగా అమ్మకానికి పెట్టారు. దీనివలన కళకు జరిగిన హాని డబ్బు హాని కంటె పెద్దది. గీసిన ఓడకు వెల వస్తున్నప్పుడు, కట్టిన ఓడను సరిదిద్దే పనికి తొందర ఎందుకుంటుంది? ఈ సంస్థ ఇంతవరకు పరిపూర్ణంగా సాధించిన ప్రక్రియ ఏదైనా ఉంటే అది వాగ్దాన రచన.

సంశయవాదులలో కూడా రెండు తెగలు ఉన్నాయి. వెలుపల నిలిచి నవ్వేవారు అప్‌కాట్ వారసులు. ఓడిపోతే వారికి అజీర్తి తప్ప నష్టం లేదు. 2015లో ఈ ప్రయత్నం మాట ఇచ్చిన రీతిలో సాధ్యం కాదని గట్టిగా వాదించిన డెరెక్ స్మార్ట్ తానే క్రీడానిర్మాత. ఆయన ‘బ్యాటిల్‌క్రూజర్ 3000 ఏడీ’ ఏళ్ల తరబడి ఆలస్యమై, 1996లో అసంపూర్ణంగా వెలువడి అపకీర్తి పాలైనది. దెబ్బ తిన్నవాడికి దారి తెలుస్తుందని కొందరన్నారు, దొంగకు దొంగ బుద్ధని మరికొందరన్నారు. కంపెనీ ఆయన సొమ్ము ఆయనకు తిరిగి ఇచ్చి ఖాతా మూసివేసింది. రెండవ తెగవారు లోపలివారు. డబ్బు ఇచ్చి, ఆట ఆడి, ప్రతి ప్రకటననూ పాత ప్రకటనతో పోల్చి చూసేవారు. ఇందులోనే భాగమైన ‘స్క్వాడ్రన్ 42’ అనే కథాత్మక క్రీడకు మొదట 2014, తర్వాత 2016 చెప్పారు. పరీక్షా రూపానికి 2020 అన్నారు. చివరకు 2026లో విడుదల చేస్తామని 2024 అక్టోబరులో ప్రకటించారు. ఈ తేదీలను వరుసగా గుర్తుంచుకున్నది పత్రికలకంటె ఎక్కువగా ఈ లోపలి సంశయవాదులే. వాటాదారుల సభలో లేచి నిలబడి ప్రశ్నించే మనిషి చేసే పనిని, సభ లేని చోట, వీరు చేస్తున్నారు. తోటి అభిమానులు వీరిని ద్రోహులని నిందించడం విచారకరం.

2018 చివర జరిగిన సంఘటన ఈ వ్యత్యాసాన్ని అంకెలతో సహా బయటపెట్టింది. సంగీత వ్యాపారంలో కోట్లు గడించిన క్లైవ్ కాల్డర్ కుటుంబం 4 కోట్ల 60 లక్షల డాలర్లు ఇచ్చి సంస్థలో సుమారు పదో వంతు వాటా పొందింది. డైరెక్టర్ల మండలిలో రెండు స్థానాలు కూడా లభించాయి. అప్పటికి అభిమానులు ఇచ్చిన సొమ్ము 20 కోట్ల డాలర్లకు చేరింది. వారికి దక్కినవి ఓడలు. అందులో కొన్ని అప్పటికి చిత్రాలు. సంస్థ అదే సమయంలో తన ఆదాయ వ్యయాల వివరాలను ప్రచురించిందనీ, అది చట్టం అడగని పారదర్శకత అనీ ఆశావాదులు చెప్పినది నిజమే. ఆ లెక్కను చదివే స్వేచ్ఛ అందరికీ కలిగింది. దాని మీద ఓటు వేసే హక్కు మాత్రం ఇరవై కోట్లకు రాలేదు, నాలుగున్నర కోట్లకు వచ్చింది.

అసంపూర్ణత తనంతట తాను నేరం కాదు. కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన కన్నుమూసేనాటికి ‘అ’ అక్షరంలోనే ఉన్నది. దానిని వంచన అన్న తెలుగువాడు లేడు. అచ్చయిన సంపుటాలు ఆ ఒక్క అక్షరం మేరకైనా పూర్తిగా పాఠకుల చేతిలో ఉన్నాయి. ఇంకొకవైపు, స్టార్ సిటిజన్‌తోపాటే 2012లో చందాలు సేకరించిన డేవిడ్ బ్రేబెన్ ‘ఎలైట్ డేంజరస్’ను 2014 డిసెంబరులో విడుదల చేశాడు. ఇంటర్నెట్ లేకుండా ఆడే వీలు కల్పిస్తామన్న మాటను విడుదలకు నెల ముందు వదులుకున్నాడు, తిట్లు తిన్నాడు. పూర్తి చేయడమంటే కొన్ని మాటలు తప్పడం కూడా. రాబర్ట్స్ మాట తప్పనని పట్టుబట్టి, తేదీ తప్పుతూ వచ్చాడు. గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా రెండు రూపాయలు ఇచ్చి 1976లో తీయించుకున్న శ్యాం బెనెగల్ ‘మంథన్’ ఈ చిక్కులేవీ ఎరుగదు. వారు ఇచ్చినది తమ కథకే. సినిమా విడుదల కాగానే లారీలలో వచ్చి చూసుకున్నారు.

జంషెడ్‌పూర్ కథలో చివరి ఘట్టం తరచు మరుగున పడుతుంది. యుద్ధానంతరం ఉక్కు ధరలు పతనమై, 1924లో కంపెనీ వద్ద జీతాలకు సైతం డబ్బు లేని స్థితి వచ్చింది. 8,000 మంది వాటాలు మునిగిపోయే ప్రమాదం ఏర్పడింది. అప్పుడు దొరాబ్జీ మరొకసారి జనం వద్దకు విజ్ఞప్తితో వెళ్లలేదు. తన సొంత ఆస్తిని ఇంపీరియల్ బ్యాంకులో కుదువపెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చాడు. ఆ కుదువ వస్తువులలో భార్య మెహర్‌బాయి నగలు, వాటిలో జూబిలీ వజ్రం కూడా ఉన్నాయి.