ఎవరి సందేహం సైన్సు? ఎవరి సందేహం మూఢత్వం?

కోవిడ్ కాలంలో మన భాషలోకి చాలా మాటలు వచ్చి పడ్డాయి. లాక్‌డౌన్, క్వారంటైన్, సామాజిక దూరం. వీటిలో సామాజిక దూరం మనకు కొత్త కాదు. ఊరికీ వాడకీ మధ్య అది ఎప్పటి నుంచో ఉంది. ఆ సంగతి మనవాళ్ళు అప్పుడే రాశారు. కానీ 2021లో టీకాలతో పాటు వచ్చిన ఇంకో మాటను మనం అంతగా పట్టించుకోలేదు. అది వ్యాక్సిన్ హెజిటెన్సీ. తెలుగులో టీకా సంకోచం అన్నారు, టీకా విముఖత అన్నారు. వార్తల్లోకి వచ్చేసరికి అది 'అపోహలు', 'అవగాహన లేమి' అయింది. ఎవరి అపోహలు? పల్లెటూరి వాళ్ళవి, బస్తీ వాళ్ళవి, గూడెం వాళ్ళవి, వాడ వాళ్ళవి.

నేనిక్కడ టీకాను విమర్శించడం లేదు. టీకా ప్రాణాలు కాపాడింది. నా విమర్శ ఆ మాట మీద, ఆ మాటను మన మీదికి విసిరిన తీరు మీద. సందేహం మనిషన్నవాడికి ఎవరికైనా వస్తుంది. కానీ ఈ దేశంలో సందేహానికి కూడా కులాన్ని బట్టి పేరు పెడతారు. పై కులం వాడు సందేహిస్తే అది శాస్త్రీయ దృష్టి. కింది కులం వాడు సందేహిస్తే మూఢత్వం. ఇదీ నేను చెప్పదలచుకున్న విషయం.

నిర్వచనంలోనే ఉంది జవాబు

ముందు ఆ మాటకు పుట్టిల్లు ఎక్కడో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2014లో దీన్ని నిర్వచించింది. టీకా సేవలు అందుబాటులో ఉన్నా కూడా, టీకా తీసుకోవడంలో జాప్యం చేయడం లేదా నిరాకరించడం హెజిటెన్సీ అని దాని సారాంశం. 2019లో అదే సంస్థ దీన్ని ప్రపంచ ఆరోగ్యానికి ఉన్న పది ముప్పుల్లో ఒకటిగా చేర్చింది. మన వ్యాఖ్యాతలు ముప్పు అన్న మాట పట్టుకున్నారు గానీ, 'అందుబాటులో ఉన్నా కూడా' అన్న షరతును వదిలేశారు. ఆ షరతు తీసేస్తే నిర్వచనమే మిగలదు. అన్నం పెట్టకుండా, వీడికి ఆకలి లేదు అన్నట్టుంటుంది.

మరి 2021లో అందుబాటు ఎట్లా ఉంది? మే 1 నుంచి 18–44 ఏళ్ళ వాళ్ళకు టీకా తెరిచారు. కానీ ముందు కోవిన్‌లో నమోదు కావాలి, ఓటీపీ రావాలి, స్లాటు దొరకాలి. నేరుగా దవాఖానకు పోతే సూది వేయరు. ఆ పోర్టల్ మొదట ఇంగ్లీషులోనే ఉండేది. తెలుగు సహా ఇతర భాషలు వచ్చింది జూన్‌లో. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ వయసు వాళ్ళకు అక్కడికక్కడే నమోదుకు వీలు ఇచ్చింది మే 24న. రెండో వేవ్‌లో శవాలు లేస్తున్న ఆ మే నెలలో స్మార్ట్‌ఫోను, డేటా, ఇంగ్లీషు ఈ మూడూ ఉన్నవాళ్ళే ముందు వరసలో నిలబడ్డారు.

ఇక ధర. ఉత్పత్తిలో 25 శాతం ప్రైవేటు ఆసుపత్రులకు వదిలారు. జూన్‌లో ఖరారు చేసిన గరిష్ఠ ధర ప్రకారం ప్రైవేటులో కోవిషీల్డ్ 780 రూపాయలు, కోవాగ్జిన్ 1,410 రూపాయలు. ఆ ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. అంటే ఒక్క కోవాగ్జిన్ డోసుకు దాదాపు ఆరు రోజుల కూలి. ఇంట్లో నలుగురుంటే ఎంతో మీరే లెక్కేసుకోండి. 18–44 వాళ్ళ విషయంలో డబ్బు కట్టించే ఈ విధానం ప్రాథమికంగా చూస్తేనే ఏకపక్షంగా, హేతువిరుద్ధంగా ఉందని సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి ఉత్తర్వులో చెప్పింది. డిజిటల్ అంతరం గురించీ నిలదీసింది. ఆ తర్వాతే కేంద్రం విధానం మార్చి, జూన్ 21 నుంచి పెద్దలందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం చేసింది.

కాబట్టి జూన్ 21కి ముందు టీకా పడని యువ కూలీని 'సంకోచి' అనడానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారమే, ఎవరికీ హక్కు లేదు.

ముందు చాచిన చెయ్యి

2021 జనవరి 16. దేశంలో టీకా మొదలైన రోజు. ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదటి సూది ఒక పారిశుధ్య కార్మికుడికి వేశారు. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో మొదటి సూది ఒక పారిశుధ్య కార్మికురాలికి. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో ముఖ్యమంత్రి ఎదుట మొదటి సూది మళ్ళీ పారిశుధ్య కార్మికురాలికే. కెమెరాలు, చప్పట్లు, పూలు. వ్యక్తుల కులం గురించి కాదు నా మాట. ఆ పని కులం గురించి. ఈ దేశంలో చీపురు ఏ కులాల చేతికిచ్చారో చదువరులకు చెప్పనక్కర లేదు.

అదే రోజు అదే ఢిల్లీలో ఇంకొకటి జరిగింది. రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్ల సంఘం తమ మెడికల్ సూపరింటెండెంటుకు ఉత్తరం రాసింది. కోవాగ్జిన్ పరీక్షలు పూర్తి కాలేదు, మాకు కొంత అనుమానంగా ఉంది, కోవిషీల్డ్ ఇవ్వండి అని. వాళ్ళ అనుమానంలో తప్పు లేదు. జనవరి 3న కోవాగ్జిన్‌కు 'క్లినికల్ ట్రయల్ పద్ధతి'లో అనుమతి ఇచ్చేనాటికి మూడో దశ సామర్థ్య ఫలితాలు రాలేదు. వేసుకునేవాళ్ళు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. తర్వాత నవంబరులో లాన్సెట్ పత్రిక దాని సామర్థ్యాన్ని 77.8 శాతంగా ప్రచురించింది. అదే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ జాబితాలో చేర్చింది. టీకా మంచిదేనని తేలింది. కానీ జనవరిలో ఆ సంగతి తేలకముందే ఎయిమ్స్ కార్మికుడు చెయ్యి చాచింది ఆ కోవాగ్జిన్‌కే.

డాక్టర్ల ఉత్తరాన్ని ఎవరూ మూఢత్వం అనలేదు. అనకూడదు కూడా. ఆధారాలు అడగడం సైన్సులో భాగమే. కానీ నాలుగు నెలల తర్వాత ఏ వాడలోనో ఒక ముసలవ్వ "ఇది వేస్తే ఏమైతదో ఎవరు చెప్తరు?" అంటే మాత్రం అది అవగాహన లేమి. రెండు చోట్లా ప్రశ్న ఒక్కటే. డాక్టర్లకు లెటర్‌హెడ్ ఉంది, అవ్వకు లేదు. అంతకు మించి తేడా నాకు కనబడలేదు.

మన చరిత్ర పుస్తకాలు చెప్పనిది

టీకాను కాదన్నది ఎప్పుడూ నిరక్షరాస్యులేనా? మన దేశంలో మశూచి టీకా 1802లో వచ్చింది. అప్పట్లో సీసాల్లో రాలేదు, చేతి నుంచి చేతికి వచ్చింది. టీకా వేసిన బిడ్డ చేతి మీద పొక్కు లేస్తే, వారం రోజులకు అందులోంచి రసం తీసి ఇంకొకరి చేతి మీద గీరి ఎక్కించేవాళ్ళు. ఆ పొక్కులు మోయడానికి చాలాచోట్ల పేదల పిల్లల్ని, అట్టడుగు కులాల పిల్లల్ని వాడారు. అప్పుడు పై కులాల వాళ్ళు టీకాకు అడ్డం తిరగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి: అంటరాని బిడ్డ ఒంట్లోని రసం మా ఒంట్లోకా? రోగం అంటుకుంటే చావు వస్తుంది, టీకా అంటుకుంటే మైల వస్తుంది. వాళ్ళు చావు కంటే మైలకే ఎక్కువ భయపడ్డారు. దీన్ని 'సంప్రదాయ మనోభావం' అని రాస్తారు గానీ అజ్ఞానం అని రాయరు.

1897 పూనా ప్లేగు చూడండి. ఇంటింటి సోదాల్లో సోల్జర్ల దౌర్జన్యం నిజమే. కానీ వంటిళ్ళు, దేవుడి గదులు మైలపడ్డాయన్న కోపమూ అందులో కలిసి ఉంది. ప్లేగు అధికారి ర్యాండ్ హత్య జాతీయోద్యమ చరిత్రలో వీరగాథ అయింది. అదే ఏడాది మార్చి 10న, అదే పూనాలో, ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ ప్లేగుతోనే సావిత్రీబాయి ఫూలే చనిపోయింది. స్కూలు పాఠాల్లో ఆ ప్లేగు అంటే ర్యాండ్ గుర్తొస్తాడు, సావిత్రీబాయి గుర్తురాదు. వైద్యాన్ని ప్రతిఘటించడం దేశభక్తి అయింది, రోగిని ముట్టుకోవడం చరిత్రలో అడుగు వరసకు పోయింది.

వాడ అనుమానానికి రికార్డుంది

మన అనుమానం గాలిలోంచి ఊడిపడలేదు. ఎమర్జెన్సీలో, 1976–77 ఒక్క ఏడాదిలో, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. టార్గెట్లు పూర్తి చేయడానికి ముందు దొరికింది పేదలు. ప్రభుత్వ వాహనం వస్తే పొలాల్లోకి పరుగెత్తిన తరం ఇంకా మన ఇళ్ళల్లో ఉంది.

ఇంకా దగ్గరిది ఖమ్మం. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'పాథ్' అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశాయి. 10–14 ఏళ్ళ పిల్లలు. హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ పిల్లలు వాళ్ళలో చాలామంది. కొందరు బాలికలు చనిపోయాక 2010లో ఆ ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చింది. అది మనం ఒప్పుకోవాలి. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఇంకో లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లీ తండ్రీ బతికుండగా వార్డెను సంతకం పెట్టాడు. టీకా మంచిదే కావచ్చు, కానీ అడగకుండా వేశారు. ఇప్పుడు అదే జిల్లా గూడేల్లో ఎవరైనా "ముందు మాకు చెప్పి వేయండి" అంటే అది అపోహ ఎట్లా అవుతుంది?

మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది నేనే మొదలు కాబట్టి టీకా గురించి చుట్టాలంతా నన్నే అడిగేవాళ్ళు. నేను యాంటీబాడీల గురించి చెప్తుంటే మా పెద్దమ్మ మధ్యలో ఆపి, "అది సరే బిడ్డా, సూది వేసినంక రెండొద్దులు జ్వరమొస్తదంట గదా, ఆ రెండొద్దుల కూలి ఎవరిస్తరు?" అనింది. నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వం దగ్గరా లేదు. జ్వరం వస్తే సెలవు ఉన్నవాడు టీకా ధైర్యంగా వేసుకుంటాడు. ఆ ధైర్యం సెలవుది. అట్లాంటి సెలవు లేని మనిషిని పిరికిదంటారు.

సెలవు ఇవ్వడం మాట అట్లుంచి, బెదిరింపులు వచ్చాయి. మహారాష్ట్రలో అప్పటి ఔరంగాబాద్ జిల్లా కలెక్టరు 2021 నవంబరులో టీకా రుజువు చూపితేనే రేషను, పెట్రోలు ఇవ్వాలని ఆదేశించాడు. పెట్రోలు దొరకని వాడు నడిచి పోతాడు. రేషను దొరకని వాడు ఏం తినాలి? బలవంతంగా ఎవరికీ టీకా వేయకూడదని, ఒంటి మీద హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో ఉందని సుప్రీంకోర్టు 2022 మే 2న తీర్పు ఇచ్చింది. అప్పటికి చాలా వాడల్లో బెదిరింపు తన పని తాను చేసుకుపోయింది.

లెక్కలో మనం లేం

ఇంతకీ దళితుల్లో టీకా శాతం ఎంత? కోవిన్ వయసు అడిగింది, ఆడా మగా అడిగింది, గుర్తింపు కార్డు నంబరు అడిగింది, కులం అడగలేదు. మామూలుగా ప్రతి దరఖాస్తులో కులం గడి ఉంటుంది. ప్రాణం దగ్గరికి వచ్చేసరికి ఆ గడి మాయమైంది. ఆదివాసీ జిల్లాలను విడిగా చూసి ఎంతో కొంత అంచనా వేయవచ్చు. కానీ దళితులకు ప్రత్యేకంగా జిల్లా లేదు. ప్రతి ఊరి చివరా ఒక వాడ ఉంది. జిల్లా సగటు 80 శాతం అన్నప్పుడు ఊళ్ళో 90, వాడలో 50 ఉన్నా ఆ సగటులో కనబడదు. సగటు అనేది వాడను దాచిపెట్టే దుప్పటి.

అమెరికా చూడండి. 1932 నుంచి 1972 దాకా టస్కీగీలో సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ళ మీద సిఫిలిస్ అధ్యయనం పేరుతో జరిగిన ద్రోహం వాళ్ళ జ్ఞాపకంలో ఉంది. కోవిడ్ టీకాలో మొదట నల్లవాళ్ళు వెనకబడ్డారు. చాలా లోపాలున్నా అక్కడ జాతివారీ లెక్కలు ఉన్నాయి. అందుకే తేడా కనబడింది, చర్చిలూ స్థానిక సంఘాలూ కదిలాక ఏడాదిలో ఆ తేడా బాగా తగ్గిందనీ కనబడింది. లెక్క లేని చోట నిందే లెక్క అవుతుంది. ఇది చేయలేని పని కూడా కాదు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పిల్లల టీకాల లెక్కను కులంవారీగా ఎప్పటి నుంచో సేకరిస్తోంది.

మనలో మనం

ఒక మాట మనకు మనం కూడా చెప్పుకోవాలి. రాజ్యాన్ని అనుమానించడం వేరు, వాట్సాప్‌లో వచ్చిన ప్రతి పుకారునూ ప్రతిఘటన అనుకోవడం వేరు. టీకా వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు ఏ అంబేద్కరు చెప్పాడు? మహద్ చెరువు నీళ్ళ కోసం 1927లో కొట్లాడిన జాతి మనది. నీళ్ళు మాకొద్దని కాదు, మాకూ కావాలని కొట్లాడాం. సూది విషయమూ అంతే. మన పోరాటం టీకా అందరికంటే ముందు, అడిగి, ఉచితంగా, జ్వరం రోజుల కూలితో సహా అందాలని ఉండాలి.

ఇంకో వాస్తవం కూడా ఉంది. 2021 నవంబరులో ఇంటింటికీ వచ్చి టీకా వేయడం మొదలుపెట్టారు. గడప దగ్గరికి వచ్చాక జనం వేసుకున్నారు. దేశంలో రెండో డోసు 95 కోట్ల మందికి పైగా పడింది. మూడో డోసు మాత్రం 23 కోట్ల లోపే ఆగింది. మూడో డోసు వదిలేసిన వాళ్ళలో అపార్ట్‌మెంట్ల వాళ్ళూ ఉన్నారు, ఆఫీసర్లూ ఉన్నారు. వాళ్ళ మీద అపోహల వార్త నేను ఒక్కటీ చదవలేదు.

అందుకే మూడు పనులు. ఒకటి, ప్రతి టీకా రికార్డులో కులం గడి ఉండాలని, ఊరు–వాడ వేరుగా లెక్క చెప్పాలని అడగాలి. రెండు, అంగీకారం తెలుగులో, గోండిలో, కోయలో నోటితో చెప్పి తీసుకోవాలి. వార్డెను సంతకం చెల్లదు. మూడు, టీకా జ్వరానికి రెండు రోజుల కూలి చట్టంలో ఉండాలి. ప్రభుత్వం లెక్క తీసేదాకా ఎదురు చూడనక్కర లేదు. ఈ పత్రిక చదివే విద్యార్థులు, టీచర్లు ఒక్కొక్కరు ఒక్కో వాడలో కూర్చుని ఎవరికి ఎప్పుడు టీకా పడింది, పడకపోతే ఎందుకు పడలేదు అని ఒక నోటుబుక్కులో రాస్తే చాలు. తర్వాతి మహమ్మారి వచ్చేనాటికి మన మీద నింద వేసేవాళ్ళ ముందు ఆ నోటుబుక్కులు పెడదాం.