బోరిగుమ్మ మీదుగా ఒక ఇంధన లెక్క

విశాఖపట్నం నుంచి రాయపూర్‌కు పటం మీద గీత గీస్తే దాదాపు 415 కిలోమీటర్లు వస్తుంది. మూడో వంతు దూరం పోయాక, గీతకు కాస్త పడమరగా జయపురం ఎయిర్‌స్ట్రిప్ ఉంది. దాని మీదుగా వెళ్ళినా పెరిగే దూరం లెక్కలోకి రానంత తక్కువ. జయపురం దాటి వాయవ్యంగా సాగితే కొద్ది నిమిషాలకే కుడిచేతి కింద బోరిగుమ్మ కనిపిస్తుంది. జగదల్‌పూర్, కోట్‌పాడ్‌ల మీదుగా వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి, నవరంగపూర్ వైపు నుంచి వచ్చే 26వ నంబరు రహదారిని ఇక్కడే కలుస్తుంది. చిన్న విమానం నడిపే పైలట్‌కు ఇలాంటి కూడలి గొప్ప ఆనవాలు. వానాకాలంలో పచ్చదనం ఎన్ని గుర్తుల్ని కప్పేసినా రెండు తారురోడ్లు కలిసే చోటు దాగదు.

ఈ కూడలి నుంచి కోరాపుట్ మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు చేరాలనుకునే లారీ డ్రైవరు ట్యాంకు ఎక్కడ నింపుకోవాలో ముందే ఆలోచించుకుంటాడు. లెక్క తప్పితే బండి పక్కకు ఆపి, క్లీనర్ని క్యాన్‌తో పంపిస్తాడు. ఆకాశంలో ఆ వీలు లేదు. అందుకే సొంత విమానంలో దూరప్రయాణం చేసే పైలట్ కాగితం మీద వేసుకునే ఇంధన లెక్కను నేను పనితనం కిందే చూస్తాను. మంచి పైలట్ వేసిన లెక్కలో ప్రతి అంకె వెనకా ఒక ప్రశ్న ఉంటుంది: అనుకున్నది జరక్కపోతే ఎటు పోవాలి?

ఒక లెక్క వేసి చూద్దాం. విమానం నాలుగు సీట్ల సెస్నా 172ఎస్. రెక్కల్లోని ట్యాంకుల్లో వాడుకోగలిగిన పెట్రోలు 53 గ్యాలన్లు, అంటే 200 లీటర్లు. గంటకు 34 లీటర్లు తాగుతుందనుకుందాం. గాలి లేకుంటే గంటకు 200 కిలోమీటర్లు పోయే విమానం ఎదురుగాలిలో 165 మాత్రమే పోతుందని పెట్టుకుందాం. జాగ్రత్తపరుడు మంచి వేగం మీద ఎప్పుడూ లెక్క కట్టడు. రాయపూర్ చేరడానికి రెండున్నర గంటలు, 85 లీటర్లు. ఇంజన్ స్టార్ట్ చేసి రన్‌వే దాకా నడపడానికి, కనుమలు దాటే ఎత్తుకు ఎక్కడానికి అదనంగా 5. రాయపూర్‌లో దిగడానికి వీల్లేకపోతే బిలాస్‌పూర్ వెళ్ళాలి, దానికి 20. పగటిపూట కంటిచూపు మీద నడిపే ప్రయాణానికి నియమం అడిగే ఆఖరి 30 నిమిషాల నిల్వ 17. మొత్తం 127 లీటర్లు.

ట్యాంకులో 200 పడుతుంది కదా, ఇంక దిగడమెందుకు అనిపిస్తుంది. ఇక్కడే బరువు అడ్డొస్తుంది. ఈ మోడల్ టేకాఫ్ బరువు 1,157 కిలోలకు మించకూడదు. ఖాళీ విమానం బరువు తీసేస్తే మనుషులకూ ఇంధనానికీ కలిపి 395 కిలోలు మిగిలాయనుకుందాం. డెబ్బై అయిదు కిలోల మనుషులు నలుగురు ఎక్కితే 300 పోయింది. మిగిలిన 95 కిలోలకు ఏవ్‌గ్యాస్, అంటే విమానపు పెట్రోలు, 132 లీటర్లే పడుతుంది, అదీ చేతిసంచి కూడా లేకుండా. కావలసింది 127, ఉన్నది 132. నియమం ప్రకారం సరిపోయింది. కానీ ఆ 5 లీటర్లు తొమ్మిది నిమిషాల కంటే తక్కువ. తొమ్మిది నిమిషాల వెసులుబాటుతో తూర్పు కనుమలు దాటి ఛత్తీస్‌గఢ్ మైదానంలోకి పోవడానికి పనితెలిసిన పైలట్ ఒప్పుకోడు. ఒక మనిషిని తగ్గించుకుంటాడు, లేదా మధ్యలో ఒకచోట దిగుతాడు.

దిగే చోటును ఎంచడంలోనే అసలు నేర్పు బయటపడుతుంది. జయపురంలో రన్‌వే ఉంది. 2022 అక్టోబర్ 31న భువనేశ్వర్ నుంచి ఇండియావన్ ఎయిర్ వారి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ ఇక్కడికి ప్రయాణికుల్ని తేవడం మొదలుపెట్టింది. ఇది మన పైలట్‌కు భరోసా ఇవ్వాలి, కానీ పూర్తిగా ఇవ్వదు. కారవాన్‌ది టర్బైన్ ఇంజన్, అది వాడేది జెట్ ఎ-1, అంటే కిరోసిన్ జాతి ఇంధనం. సెస్నా 172కు కావలసింది ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్. విమానాలు దిగేచోటల్లా ఇంధనం ఉండదు, ఇంధనం ఉన్నచోటల్లా మనకు కావలసిన ఇంధనం ఉండదు. ఏవ్‌గ్యాస్ కోసం 2022 దాకా మన దేశం దిగుమతుల మీదే ఆధారపడింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ తన గుజరాత్ రిఫైనరీలో తయారైన ఏవ్‌గ్యాస్‌ను విడుదల చేసింది. అయినా ఫ్లయింగ్ క్లబ్బులున్న ఊళ్ళు వదిలితే, చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో దాన్ని ముందే చెప్పి బారెళ్ళలో తెప్పించుకోవాలి. అనుమతి తీసుకోవాలి, స్ట్రిప్ ఏ వేళల్లో పనిచేస్తుందో అడగాలి, బారెల్ వచ్చిందా లేదా అని బయల్దేరే ముందు ఫోన్ చేసి మనిషి నోట వినాలి.

సరే, బారెల్ ఏర్పాటైందనుకుందాం. విశాఖలో 132 లీటర్లతో నలుగురూ ఎక్కారు. జయపురం 147 కిలోమీటర్లు, 53 నిమిషాలు, 30 లీటర్లు. ఎక్కడానికి వాడిన 5 కలిపితే 35 ఖర్చు. దిగేసరికి ట్యాంకుల్లో 97 ఉంది. తీరా చూస్తే బారెల్ రాలేదు, లేదా వచ్చినదాంట్లో నీళ్ళున్నాయి. రాయపూర్‌కు 55, ఎక్కడానికి 5, బిలాస్‌పూర్‌కు 20, నిల్వ 17 కూడితే సరిగ్గా 97. చుక్క మిగలదు, కాబట్టి ముందుకు పోకూడదు. వెనక్కి విశాఖ చేరడానికి మాత్రం వచ్చినంత కూడా పట్టదు, గాలి ఇప్పుడు వీపు మీద ఉంది. ఈ వెనుదారి వల్లే జయపురం మంచి మజిలీ అయింది. ఇంధనం దొరకని రోజున కూడా మనిషిని ఇరికించని చోటే దిగడానికి తగిన చోటు. ట్యాంకు అడుగంటే చోటు చూసుకుని దిగుదామనుకునేవాడికి ఈ సుఖం ఉండదు. ఈ లెక్కలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది ఆ 97 అంకె. ఆగమని అంత స్పష్టంగా చెప్పే అంకె అరుదు.

బారెల్ దొరికినా పని అయిపోదు. జయపురం సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున ఉంది. ఎండ 40 డిగ్రీలు తాకిన మధ్యాహ్నం అక్కడి గాలి పలచబడి, విమానం సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. జయపురం ఉన్న కోరాపుట్ జిల్లాలోని దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. అంటే వేసవి మధ్యాహ్నం జయపురంలో టేకాఫ్ చేయడం ఇంజనుకు దేవమాలి నెత్తి మీద నుంచి ఎగిరినట్టే. రన్‌వే ఎక్కువ కావాలి, ఎక్కడం మందకొడిగా సాగుతుంది. అందుకే మంచి పైలట్ ఇక్కడ ట్యాంకు నిండా పోయించుకోడు. రాయపూర్‌కూ, దాని అవతలి చోటుకూ, ఒక గంట నిల్వకూ ఎంత కావాలో అంతే పోయించుకుంటాడు. అదీ ఉదయం తొమ్మిదిలోపు అయ్యేలా విశాఖలో బయల్దేరే వేళను వెనక్కి లెక్కించుకుంటాడు.

బారెల్ దగ్గర చేతిపని కూడా చూడదగ్గది. ఏవ్‌గ్యాస్ బారెళ్ళను నిలబెట్టి ఉంచితే పైమూత చుట్టూ వాననీరు నిలిచి, రాత్రి చల్లబడ్డప్పుడు మూత సందుల్లోంచి లోపలికి దిగుతుంది. అందుకని పడుకోబెడతారు, మూతలు రెండూ అడ్డంగా ఒకే మట్టంలో, గడియారంలో మూడు, తొమ్మిది అంకెలున్న చోట్లకు వచ్చేలా. అప్పుడు లోపలి ఇంధనమే మూతల్ని తడిపి ఉంచుతుంది, గాలీ తేమా చొరబడవు. పోసే ముందు విమానానికీ బారెల్‌కూ మధ్య తీగ తగిలిస్తారు, స్థిరవిద్యుత్తు రవ్వ రేగకుండా. తర్వాత ఫిల్టరు, గరాటు.

పోశాక కాసేపు ఆగి, పారదర్శకమైన చిన్న గాజుకప్పులోకి ట్యాంకు అడుగు నుంచి కొద్దిగా వదిలి చూస్తారు. 172ఎస్‌లో ఇలా చూడాల్సిన చోట్లు 13. నీరుంటే బరువు కాబట్టి అడుగున బుడగలా కూచుంటుంది. కప్పు మొత్తం నీరే వస్తే బుడగ కనపడదు, అంతా తేటగా ఉంటుంది, కొత్తవాడు బాగుందనుకుంటాడు. అందుకే రంగు చూడాలి. 100ఎల్ఎల్‌కు లేత నీలం రంగు కలుపుతారు. కప్పును తెల్లటి రెక్కకు ఆనించి చూస్తే నీలం తెలుస్తుంది. అనుమానం ఉంటే తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయాలి. ఏవ్‌గ్యాస్ ఆరిపోతుంది, జెట్ ఇంధనం కలిసి ఉంటే జిడ్డు మరక మిగులుతుంది. పిస్టన్ ఇంజన్‌కు ఆ జిడ్డు ప్రాణాంతకం.

కొలత విషయంలో కూడా ఇదే పట్టుదల కావాలి. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధన మీటర్లు పనిచేయక, పుల్లతో కొలిచి లీటర్లను కిలోల్లోకి మార్చారు. లీటరుకు 0.8 కిలో అని కాకుండా 1.77 పౌండ్లు అనే అంకె వాడారు. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది, నడిఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గ్లైడర్‌లా జారుస్తూ గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దించారు, అందరూ బతికారు. ఆ నేర్పుకు చేతులెత్తి మొక్కవచ్చు. అంత నేర్పు అవసరం రాకుండా కాగితం మీద పెన్సిలుతో లీటర్లు, కిలోలు వేర్వేరు గళ్ళలో రాసుకునే పైలట్‌కు కూడా నేను మొక్కుతాను.

మన దేశంలో మజిలీలు ఎంచడానికి ఒక మంచి ఉదాహరణ టాటా ఎయిర్‌మెయిల్. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా పస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూలో దిగారు. అహ్మదాబాద్‌లో బర్మా షెల్ పెట్రోలు ఎడ్లబండి మీద డబ్బాల్లో వచ్చింది. బొంబాయి నుంచి టపాను ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకుపోయాడు. పటం తీసి చూస్తే ఆ ఎంపిక ఎంత బాగుందో తెలుస్తుంది. బొంబాయి నుంచి మద్రాసుకు తిన్నగా పోయినా, బళ్ళారిలో దిగి పోయినా దూరంలో తేడా పది కిలోమీటర్లు కూడా ఉండదు. పడమటి కనుమలు వెనకపడిపోయాయి, చుట్టూ దత్తమండలాల మెట్టభూములు, దిగడానికి అనువైన చదును. మజిలీలో కొరవడేది ఇంధనమే కానక్కర్లేదు. అంతకు రెండేళ్ళ ముందు, 1930లో, ఇండియా-ఇంగ్లండుల మధ్య ఒంటరిగా ఎగిరే ఆగాఖాన్ బహుమతి పోటీలో ఇంగ్లండు వైపు వెళుతున్న జె.ఆర్.డి. ఈజిప్టులోని అబూకిర్‌లో దిగారు. ఎదురు దిశలో వస్తున్న ఆస్పీ ఇంజనీర్ స్పార్క్ ప్లగ్గులు లేక అక్కడే చిక్కుకుపోయి ఉన్నాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్న అదనపు ప్లగ్గులు ఇచ్చారు. పోటీలో ఆస్పీ గెలిచాడు.

జయపురానికి విశాఖతో ఉన్న బంధం ఇంధనంకంటే పాతది. 1936లో ఒడిశా ఏర్పడే దాకా అది విశాఖ జిల్లాలోదే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్స్ కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు పెట్టారు. ఆ రెండు ఊళ్ళ మధ్య ఆకాశంలో యాభై మూడు నిమిషాలే దూరమన్నది నాకు సంతోషం కలిగించే సంగతి.

తిరిగి మన విమానంలోకి. జయపురంలో బారెల్ మంచిదే దొరికింది, పోయించుకుని లేచారు. బోరిగుమ్మ కూడలి కుడి రెక్క పక్కకు రాగానే పైలట్ గడియారం చూసి టైం రాసుకుంటాడు. జయపురం నుంచి ఎంత వేగంతో వచ్చాడో ఇప్పుడు ఊహ కాదు, లెక్క. గంటకు 165 వస్తుంటే రాయపూర్. 140కి పడిపోయి, ముందు మబ్బులు కూడా దట్టంగా కనిపిస్తే, ఎడమకు తిరిగి కోట్‌పాడ్ రోడ్డు పట్టుకుని జగదల్‌పూర్. అది యాభై అయిదు కిలోమీటర్లు, 140 వేగంతో కూడా ఇరవై నాలుగు నిమిషాలే. ఆ తిరిగే చోటు, ఆ వేగం, ఆ నిమిషాలు విశాఖలో టీ తాగుతూ ముందురోజు సాయంత్రమే కాగితం మీద రాసిపెట్టుకున్నవి.