రాతిలో చుక్కలు తేల్చే చేతులు

చీమకుర్తి నల్లరాయిని గెలాక్సీ గ్రానైట్ పేరుతో దేశదేశాలూ కొంటాయి. క్వారీలో కోసి బయటికి తీసిన దిమ్మెలో మాత్రం ఏ వింతా కనిపించదు. గరుకు, బూడిదరంగు దుమ్ము, అంతే. అందులో బంగారు చుక్కలున్నాయని లోకానికి తెలిసేది పాలిష్ పట్టే మనిషి వల్లే.

పలక మీద నీళ్లు ధారగా పడుతుంటే ముందు గరుకు రాయితో, తర్వాత అంతకంతకూ నున్నటివాటితో రుద్దుకుంటూ పోతాడు. ఒక్క దశ తొందరపడి దాటేస్తే గరుకు రాయి పెట్టిన గీతలు చివరిదాకా వదలవు. అందుకే మధ్యమధ్యలో పాలిష్ మిషను ఆపి, నీళ్లు తుడిచి, పలకను వెలుగుకు ఏటవాలుగా చూస్తాడు. అరచేత్తో తడుముతాడు. ఎంత ఓపిక!

ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. భూమి లోపల కరిగిన శిల నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు ఏర్పడ్డాయి. మనిషి పుట్టకముందే దేవుడు దాచిపెట్టిన సొమ్మని నా నమ్మకం.

మా వంటింటి గట్టు ఆ రాయే. పొద్దున పాలగిన్నె దించుతూ దేవుడికి దండం పెట్టుకుంటాను, పాలిష్ పట్టినవాణ్ణీ తలుచుకుంటాను. రాతిదుమ్ము అతని ఊపిరితిత్తులను తినేస్తుంది. దుమ్మును అణిచే నీటిధార ఆగకుండా, ముక్కుకు మంచి మాస్కు ఉండేలా యజమానులు చూడాలి.