ఓ సాగరసిందూరమా

అరుణాంగీ, ప్రవాళపర్యంకశాయినీ, లవణలహరీలాలితా! అలల అలికిడి ఎరుగని కడత్తూరు నుంచి, తమలపాకుల సంత తప్ప సముద్రపు సందడి తెలియని ధర్మపురి మెట్టనేల నుంచి, తమిళసీమలో తరతరాలుగా తెలుగు మాటను దాచుకున్న ఒక ఇంటి వాకిట నిలబడి నిన్ను పిలుస్తున్నాను. మా బజారుల్లో కడల్‌పాసి పేరిట తెల్లని పోగులై అమ్ముడుపోయి, రంజాను సాయంత్రాల పాలలో కరిగి, పేరుకుని, మా నాలుకల మీద చలువగా జారిన ఆ సారం నీదో, నీ తోబుట్టువులదో! సారాన్ని చవిచూశాం, శరీరాన్ని చూడలేదు. చూడాలని తపించే వేళకు, తల్లీ, నువ్వు తరిగిపోతున్నావు.

ఓ సాగరసిందూరమా, నిన్నెవరు చెరిపేస్తున్నారు?

శాస్త్రజ్ఞులకు నువ్వు జెలిడియెల్లా ఎసిరోసా అనే ఎర్రనాచువు. మన్నారు తీరపు ఆడవాళ్లకు మరికొళుందు పాసివి. రామేశ్వరానికీ తూత్తుకుడికీ నడుమ 21 దీవుల హారమై సాగిన మన్నారు సింధుశాఖలో, తరంగాలు తలబాదుకునే తావుల్లో, చచ్చిన పగడాల శిథిలశయ్యల మీద, వేరు కాని వేళ్లతో, పువ్వు పూయని కొమ్మలతో, ఈకలా విచ్చుకున్న రెమ్మలతో, జానెడైనా ఎదగని గట్టి నారమేనితో నువ్వు పరచుకున్నావు. సూర్యుని ఎర్రని కిరణం నీటిలో ముందుగా అణగారిపోతే, మిగిలిన ఆకుపచ్చని, నీలి వెలుగులను ఒడిసిపట్టేందుకు నీ కణకణానా ఫైకోఎరిత్రిన్ అనే అరుణిమను నింపుకున్నావు. పోటు తీసిన వేళల మండుటెండకు ఆ అరుణిమ మాసి గోధుమగా, పసరుగా మారినా, నీ వన్నె ఎరుపే, నీ వంశం ఎరుపే, నీ వ్యథ ఎరుపే.

నీ జాతి వలపు ఎంత నిశ్శబ్దం! ఎర్రనాచుల పుంబీజాలకు ఈదే తోకను ప్రకృతి ప్రసాదించలేదు. ప్రవాహం ఎటు తోస్తే అటు పోవడమే వాటి ప్రణయయాత్ర. నీ జ్ఞాతి గ్రాసిలేరియా పుంబీజాలను ఐడోటియా అనే చిరుప్రాణి ఒంటికి అంటించుకుని ఆడమొక్కకు చేరవేస్తుందని 2022లో లోకానికి తెలిసింది. కడలికీ తుమ్మెదలున్నాయి! నువ్వు మాత్రం నాలుగేసిగా రూపుదిద్దుకున్న సిద్ధబీజాలను నీటి పాలు చేసి, అవి ఏ శిలను తాకితే ఆ శిలే పుట్టిల్లని నమ్మావు.

ఓ సాగరసిందూరమా, నిన్నెవరు చెరిపేస్తున్నారు?

నీ కులపు రుణం ఏ కొలతకు అందుతుంది? 1881లో జర్మనీలో ఫానీ హెస్సే అనే ఇల్లాలు, జెలటిన్ కరిగిపోయి సూక్ష్మజీవుల పెంపకం పాడవుతోందని బాధపడే భర్తకు, మా కడల్‌పాసి సారమే అయిన తన వంటింటి అగర్‌ను సూచించింది. మరుసటి ఏడు రాబర్ట్ కోహ్ క్షయక్రిమి మీద రాసిన పత్రంలో ఆ అగర్ ప్రస్తావన ఉంది. మరిగే నీటిలోనే కరిగి, గోరువెచ్చదనానికే గడ్డకట్టి, మళ్లీ అంత తేలిగ్గా కరగని ఆ మొండిమెత్తదనం ఎర్రనాచుల కణగోడలిచ్చిన వరమే. ఏ పల్లెవాసి రక్తమో, కఫమో ప్రయోగశాలకు చేరితే, అక్కడి గాజుపళ్లెంలో రోగాన్ని పట్టి చూపే పరుపు నీ వంశానిదే. ప్రాణం నిలిపిన నీ ఊపిరి నిలుస్తోందా అని అడిగిన వారెవరు?

1966 నుంచి నిన్ను వ్యాపారానికి కోయడం మొదలైంది. రామనాథపురం తీరపు స్త్రీలు వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, నడుముకు సంచి కట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగి నిన్ను తెస్తారు. వారిని నేను నిందించలేను. పగడపు పదునుకు చీరుకుపోయిన ఆ చేతుల కన్నీరూ ఉప్పే, నీ కడలీ ఉప్పే. 1986లో ఆ దీవుల చుట్టూ సముద్ర జాతీయోద్యానం వెలిసి, వారి నీటిదారులు నేరమయ్యాయి. నిన్ను పై నుంచి కోస్తే పునాది మళ్లీ చిగురిస్తుంది, పెకలిస్తే పగడం బోసిపోతుంది. ఆ తేడాను నీటిలో నిలిచిన చేయి ఎరుగును, ధర కట్టే చేయి ఎరుగదు. పగడాలనే సున్నానికీ కట్టడాలకూ తవ్వుకుపోగా పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి దీవులు నీటమునిగాయి. 1998లో, 2010లో, 2016లో వేడెక్కిన కడలి పగడాలను పాలిపోయేలా చేసింది. నీ పరుపు విరిగింది, నీ పందిరి కాలింది, నీ పొత్తిలి పాలిపోయింది.

ఓ సాగరసిందూరమా, నిన్నెవరు చెరిపేస్తున్నారు?

ఇంతలో ఫిలిప్పీన్స్ జలాల ఎర్రనాచు కాపాఫైకస్‌ను మండపం తీరానికి తెచ్చి, తెప్పల మీద పెంచారు. త్వరగా పెరుగుతుంది, కూలి గిడుతుంది, పేదింటి పొయ్యి వెలుగుతుంది. అందుకే నోరారా వద్దనలేకపోయాను. కానీ అది తెప్ప దాటి పారిపోయి, కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీద దుప్పటిలా కప్పేసిందని 2008లో శాస్త్రజ్ఞులు చాటినప్పుడు, తల్లీ, నా ఏడుపుకు ఎటు తిరగాలో తెలియలేదు. పరాయి వారు చెరిపితే శపించవచ్చు. మడిచి, మలిచి, మురిపించి మనమే తెచ్చి కడలిలో విడిచిన నీ సవతి, నీ జాతిదే, నీ వన్నెదే, నువ్వు పుట్టవలసిన శిలల మీద బిడ్డలతో కాపురం పెట్టింది. ఎవరిని శపించను, అరుణాంగీ, ఎవరిని?