చెరువు కట్టకు ఇనుప అంచు

కర్ణాటకలోని పావగడ తాలూకాలో రోడ్డున నడవడమంటే కొన్నిచోట్ల చెరువు కట్ట మీద నడవడమే. ఒక పక్క నీళ్లు, వాన లేని ఏడాది తుమ్మచెట్లు. ఇంకో పక్క పల్లం. నడుమనున్న తారు మీదే బస్సూ, చెనక్కాయల ట్రాక్టరూ, బడికి పోయే పిల్లలూ. 2022 మార్చి 19న వై.ఎన్. హొసకోట నుంచి పావగడకు కిక్కిరిసి వస్తున్న ప్రైవేటు బస్సు పళవళ్లి కట్ట దగ్గర బోల్తా పడింది. పోయినవాళ్లలో చదువుకునే పిల్లలున్నారు. ఆ ప్రమాదానికి కారణాలు తేల్చడం నా పని కాదు. కానీ ఆ వార్త చదివినప్పటినుంచి ఏ కట్ట ఎక్కినా, అంచున ఏముందా అని నా కళ్లు వెతుకుతాయి.

పాత కట్టల మీద, మోరీల మీద రాతి గుంజలుంటాయి. నలుపూ తెలుపూ సున్నం పూస్తే రాత్రిపూట అంచు ఎక్కడుందో చెబుతాయి, అంతవరకూ మంచి పనే. వేగంగా వచ్చే బండిని ఆపడం మాత్రం వాటి వల్ల కాదు. గుంజ ఊడి పడుతుంది, లేదా బండిని ఒక్క దెబ్బతో నిలబెట్టి లోపలివాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు హైవేల పక్కన కనిపించే ఇనుప క్రాష్ బ్యారియర్ దగ్గర ఒక్కసారి కూర్చుని చూడండి. ఎంత ఆలోచించి చేశారో! ఆ పట్టీ మందం 3 మిల్లీమీటర్లే. చదునుగా ఉంటే చేత్తో ఊపినా ఊగేది. దాన్నే రెండు అలలుగా వంచారు. సుమారు 31 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల లోతు. ఆ వంపులతోనే పల్చటి రేకుకు దూలం బలం వచ్చింది. పట్టీ పైఅంచు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. రెండు మీటర్లకొకటి చొప్పున నాటిన స్తంభాల పొడవు 1.8 మీటర్లు. అందులో 1.1 మీటర్లు మట్టిలోనే. అంటే మనకు కనిపించేదానికన్నా కనిపించనిదే ఎక్కువ.

కారు ఏటవాలుగా వచ్చి తగిలినప్పుడు ఈ కట్టడం పనితనం బయటపడుతుంది. తగిలినచోట స్తంభం వెనక్కి ఒరుగుతుంది, దాని పక్కది కొంచెం ఒరుగుతుంది, పట్టీ ఈ చివర నుంచి ఆ చివరకు బిగుసుకుంటుంది. బండి వేగాన్ని ఇనుమూ మట్టీ పంచుకుంటాయి. బండి పట్టీ వెంబడే రాసుకుంటూ పోయి రోడ్డువైపే తిరుగుతుంది. పట్టీకీ స్తంభానికీ మధ్య ఒక చిన్న చానెల్ ముక్క బిగిస్తారు, స్పేసర్ అంటారు. నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచింది ఇదే. అది లేకపోతే చక్రం స్తంభానికి తగులుకుని బండి గిర్రున తిరుగుతుంది. పైగా స్తంభం వెనక్కి వాలినప్పుడు పట్టీ కిందికి జారిపోకుండా ఆ ముక్కే నిలబెడుతుంది.

అతుకుల దగ్గర కూడా ఇంతే శ్రద్ధ. పెంకుటింటి మీద పై పెంకు కింది పెంకును కప్పినట్టు, బండ్లు వచ్చే దిక్కునున్న పట్టీ తర్వాతి పట్టీని కప్పాలి. తిరగేసి బిగిస్తే రేకు అంచు వచ్చే బండికి ఎదురు తిరుగుతుంది. రోడ్డువైపు బోల్టు తలలు గుండ్రంగా ఉంటాయి, దేన్నీ పట్టుకోవు. బోల్టు రంధ్రాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి బిగించేటప్పుడు సర్దుకోవడానికీ, మన ఎండలకు ఇనుము సాగినా ఇబ్బంది లేకుండా ఉండడానికీ వీలుంటుంది. నట్టూ బోల్టుతో సహా అంతటికీ కరిగించిన జింకులో ముంచి తీసిన పూత.

అయితే ఇది వంగి కాపాడే కట్టడం. వంగడానికి చోటు కావాలి. గట్టిగా తగిలితే పట్టీ సుమారు మీటరు దాకా వెనక్కి రావచ్చు. కాబట్టి నడిచే మనిషి దానికి ఆనుకుని వెనకే నడిస్తే రక్షణ లేనట్టే. దారి ఆ మీటరు అవతల ఉండాలి. చాలాచోట్ల జరిగేది ఇంతకన్నా అన్యాయం. పట్టీని కట్ట కొసన నాటేస్తారు. బస్సు పల్లంలో పడదు, కానీ నడిచేవాళ్లు పట్టీకీ బస్సుకూ మధ్య ఇరుక్కుపోతారు. బస్సు వచ్చినప్పుడు మట్టిలోకి దిగుదామన్నా దారి ఉండదు. పైగా కొసన మట్టి వదులు. స్తంభం వెనక రెండడుగుల గట్టి మట్టైనా లేకపోతే, పాతిన లోతంతా వృథా.

ఊళ్లలో, బస్టాండ్ల దగ్గర పేవ్‌మెంటు అంచున నిలువు కడ్డీలతో వేసే రెయిలింగు వేరే పని. జనం ఎక్కడపడితే అక్కడ రోడ్డు మీదికి దిగకుండా చూస్తుందే తప్ప లారీని ఆపదు. అందులోనూ పనితనముంది: కడ్డీల సందుల్లోంచి డ్రైవరుకు పొట్టి పిల్లాడు కూడా కనిపించేలా ఉండాలి. పావగడ శనీశ్వరుని గుడికి శనివారాలు వచ్చే జనానికి కావలసింది ఈ రకం. నడకదారి హక్కు జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ చోట ఏ రకం అంచు వేయాలన్న లెక్కకు ఇంతకన్నా బలమైన ఆసరా ఏముంటుంది?

ఇనుముకు బదులు వెదురూ వచ్చింది. మహారాష్ట్రలో వణి–వరోరా హైవే మీద 2023లో 200 మీటర్ల మేర వెదురు క్రాష్ బ్యారియర్ వేశారు. నూనె పట్టించిన వెదురుకు ప్లాస్టిక్ పూత. మంచి ప్రయత్నమే. కానీ బస్సులు తిరిగే కట్ట మలుపుల్లో నా ఓటు మూడు అలల ఇనుప పట్టీకే. దాని ఎత్తు 85 సెంటీమీటర్లు, స్తంభం 2 మీటర్లు, అందులో 1.15 మీటర్లు నేలలో. బస్సు బరువంతా ఎత్తున ఉంటుంది, పట్టీ కిందికుంటే దాని మీదుగా దొర్లిపోయే ప్రమాదముంది.

ఒకసారి దెబ్బ తగిలిన పట్టీ తన పని చేసేసినట్టే. దాన్ని సుత్తితో సాపు చేసి వదిలేయకూడదు, విప్పి కొత్తది బిగించాలి. పక్క స్తంభాలు నిటారుగానే కనిపించినా వాటి మొదళ్ల దగ్గర మట్టి వదులైందేమో కదిపి చూడాలి. వదులైతే పెరికి, మట్టి పోసి, దిమ్మిస కొట్టి మళ్లీ నాటాలి.