సంజ్ఞ, పర్యాయం: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సహాయ పత్రాల్లో పరిభాషా నియతి

ప్రవేశిక

తెలుగులో సాంకేతిక పరిభాషను గురించి జరిగిన చర్చలో అధికభాగం పదకల్పన చుట్టూనే తిరిగింది. సంస్కృత ధాతువుల నుంచి కొత్త పదాలు నిర్మించాలా, దేశ్యపదాలను విస్తరించాలా, ఆంగ్లపదాన్నే అజంతం చేసి స్వీకరించాలా అన్న మూడు పక్షాల వాదం అందులో ప్రధానమైనది. నిర్ణయించుకున్న పదాన్ని రచన పొడవునా, ఆ రచనకు వచ్చే తరువాతి కూర్పులన్నింటిలోనూ నిలుపుకోవడం ఎలా అన్న ప్రశ్నకు ఆ చర్చలో దక్కిన చోటు తక్కువ. కంప్యూటరు ఉపకరణాలను తెలుగులోకి తెస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కృషి ఈ రెండో ప్రశ్నను తప్పనిసరిగా మన ముందుకు తెచ్చింది. ఆ ఉపకరణాల సహాయ పత్రాలు ఒక రచయిత ఒక కాలంలో రాసినవి కావు. ఏళ్ల తరబడి అనేకులు, ఒకరినొకరు చూడకుండానే, తలా ఒక భాగం రాస్తూ దిద్దుతూ పోయే రచనలవి. ఆ రచనల్లో పరిభాషా నియతి ఏ రూపంలో సాధ్యమో, ఏ రూపంలో హానికరమో రెండు ఉదాహరణల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది గిట్ అనే కూర్పుల నిర్వహణ ఉపకరణం. రెండోది తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ.

పర్యాయం గుణమా, దోషమా?

మన సాహిత్య శిక్షణ పర్యాయపదాన్ని సంపదగా చూసింది. అమరం వల్లె వేసిన విద్యార్థికి ఒకే వస్తువుకు పది పేర్లు చెప్పగలగడం వ్యుత్పత్తికి నిదర్శనం. ఆలంకారికులు పునరుక్తిని దోషంగా చెప్పారు. నేటికీ పాఠశాల వ్యాసరచనలో ఒకే మాటను వెంటవెంటనే వాడవద్దని బోధిస్తాం. ఆ శిక్షణలో పెరిగిన అనువాదకుడు ఒక పేరాలో ‘దస్త్రం’ అని రాసి, తరువాతి పేరాలో ‘ఫైలు’ అనీ, మూడోచోట ‘పత్రం’ అనీ రాస్తే అతడు తన భాషా సంస్కారానికి విరుద్ధంగా నడుచుకున్నట్లు కాదు. కాని కంప్యూటరు ముందు కూర్చున్న పాఠకుడు మూడు పేర్లను చూసి మూడు వస్తువులున్నాయని భావిస్తాడు. మూడో వస్తువు కోసం తెరంతా వెతుకుతాడు, దొరకదు. తప్పు తనదే అనుకుని ఆంగ్ల రూపానికి మారిపోతాడు. తెలుగు సహాయ పత్రం పాఠకుణ్ణి కోల్పోయేది కఠినమైన పదం వల్ల కంటే ఇటువంటి అయోమయం వల్లనే ఎక్కువ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కఠిన పదం రెండోసారి కనిపించినప్పుడు పరిచితమవుతుంది. మారుతూ పోయే పదానికి ఆ రెండోసారి రాదు.

అంతమాత్రాన ‘ఒక భావానికి ఒకే పదం’ అన్న నియమం పరాయిది కాదు. మన శాస్త్ర సంప్రదాయం దాన్ని సంజ్ఞ పేరుతో ఎరుగును. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతోనే మొదలవుతుంది. ద్రుతం, ద్రుతప్రకృతికం, కళ, ఆమ్రేడితం మొదలైన పదాల అర్థాన్ని సూరి ముందుగా కట్టడి చేసుకున్నాడు. ద్రుతప్రకృతికాలు కానివి కళలు అని ఒకసారి చెప్పాక, లోకంలో ‘కళ’కు ఎన్ని అర్థాలున్నా సంధి సూత్రాల్లో ఆ మాట ఎదురైన చదువరికి శిల్పమో చంద్రకళో స్ఫురించదు. అందుకు కారణం ఆ పదం ఏదో ప్రత్యేకమైనది కావడం కాదు, గ్రంథం పొడవునా అది తన అర్థాన్ని విడవకపోవడం. కావ్యభాషకు పర్యాయం గుణం, శాస్త్రభాషకు సంజ్ఞ గుణం అన్న వివేకం మన వ్యాకరణాల్లోనే ఉంది. సహాయ పత్రం కావ్యం కాదు, శాస్త్రం కోవకు చేరుతుంది.

ఆధునిక కాలంలో ఈ వివేకాన్ని సిద్ధాంతంగా మలచినవాడు ఆస్ట్రియా ఇంజినీరు ఆయిగెన్ వ్యూస్టర్ (1898-1977). భావాన్ని ముందు నిర్వచించి, దానికి ఒక పదాన్ని కేటాయించి, ఆ పదానికి మరో భావం అంటకుండా చూడాలన్నది ఆయన మార్గం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ఓ 704 ప్రమాణంలో ఆ ఆలోచన ప్రభావం కనిపిస్తుంది. నిజమైన వాడుకలో పదం సందర్భాన్ని బట్టి మారుతుందనీ, ఆ మార్పును లోపంగా కాక భాషా స్వభావంగా చూడాలనీ మరియా తెరెసా కబ్రే వంటి తరువాతి పరిశోధకులు వాదించారు. ఈ రెండు పక్షాల్లో ఏది సహాయ పత్రానికి తగినదో ఉదాహరణలే చెప్పాలి.

గిట్: మూడు పేర్లు, రెండు భావాలు

లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్‌లో, రాసిన మార్పులు చరిత్రలో శాశ్వతంగా నమోదు కావడానికి ముందు చేరే ఒక మధ్యస్థానం ఉంది. దానికి ఆంగ్లంలోనే మూడు పేర్లు చలామణిలో ఉన్నాయి: ఇండెక్స్, క్యాష్, స్టేజింగ్ ఏరియా. గిట్‌తోపాటు వచ్చే పదకోశం ‘క్యాష్’ అన్న మాట కాలం చెల్లినదనీ, దాని స్థానంలో ‘ఇండెక్స్’ అనాలనీ చెబుతుంది. కాని ఆదేశాల్లో పాత మాట అలాగే ఉంది. మధ్యస్థానంలోని మార్పులను చూపే ‘డిఫ్’ ఆదేశానికి ‘క్యాష్‌డ్’ అనే ఐచ్ఛికం ఉంది; ‘స్టేజ్‌డ్’ దానికి పర్యాయం. పాత ఐచ్ఛికాన్ని తీసివేస్తే దానిమీద ఆధారపడి ఎందరో రాసుకున్న ఆదేశ వరుసలు నిలిచిపోతాయి. ముద్రితగ్రంథంలో పాత పదాన్ని మలికూర్పులో దిద్దవచ్చు. ఇక్కడ పదం యంత్రానికిచ్చే ఆజ్ఞ కూడా కనుక దిద్దుబాటుకు ఆ స్వేచ్ఛ లేదు.

ఇంతవరకూ చూస్తే సమస్య సులభమే. మూడు పేర్లకూ తెలుగులో ‘సూచిక’ అన్న ఒక్క మాట పెడితే సరిపోతుందనిపిస్తుంది. అక్కడే చిక్కు ఉంది. మార్పుల పట్టీని అన్వయించే ‘అప్లై’ ఆదేశంలో ‘ఇండెక్స్’, ‘క్యాష్‌డ్’ అనే రెండు ఐచ్ఛికాలున్నాయి, వాటి అర్థాలు వేరు. మొదటిది పని జరుగుతున్న దస్త్రాలనూ మధ్యస్థానాన్నీ రెండింటినీ మారుస్తుంది. రెండోది మధ్యస్థానాన్ని మాత్రమే మారుస్తుంది. నామవాచకాలుగా ఒకే వస్తువును చెప్పిన పదాలు ఐచ్ఛికాలుగా రెండు భిన్న వ్యాపారాలను చెబుతున్నాయి. వ్యూస్టర్ నియమాన్ని పదాలకు యాంత్రికంగా వర్తింపజేసి రెండింటినీ ఒకే తెలుగు మాటతో వివరించిన అనువాదకుడు ఏకరూపత సాధిస్తాడు, పాఠకుడి పని పాడుచేస్తాడు. కాబట్టి నియతి పదాల మధ్య కాదు, భావాల మధ్య నెలకొనాలి. మూలంలోని పదాలను లెక్కించి వాటి ఎదుట తెలుగు పదాలను పేర్చే పట్టిక ఈ తేడాను పట్టుకోలేదు.

విపర్యయం కూడా ఉంది. ఆంగ్లంలో ‘ఫ్రీ’ అన్న ఒకే మాట వెలలేనిదనీ స్వేచ్ఛ గలదనీ చెబుతుంది. రిచర్డ్ స్టాల్‌మన్ ఉద్యమం మొదటినుంచీ తాను చెప్పేది వెల గురించి కాదని వివరించుకుంటూనే ఉంది. తెలుగుకు ఆ అవస్థ లేదు: ‘ఉచితం’, ‘స్వేచ్ఛ’ వేరువేరు మాటలు. ఒకే పత్రంలో ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అని ఒకచోట, ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అని మరోచోట రాస్తే, మూలం తెలుగులో చక్కగా విడదీయగల భావాన్ని మనమే మళ్లీ కలిపేసినట్లవుతుంది. 1998లో వచ్చిన ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరుకు వేరే తాత్త్విక నేపథ్యం ఉంది. దాన్నీ ‘స్వేచ్ఛ’ కింద చేర్చడం అటువంటి మరో పొరపాటు.

మీడియావికీ: మారుపేరు చెప్పే చరిత్ర

తెలుగు వికీపీడియాలో పుటలను రకాలుగా విభజించే పూర్వపదాలకు ‘పేరుబరి’ అని పేరు. మీడియావికీ తెలుగు అమరికలో వాటి అధికారిక నామాలతోపాటు ఆమోదించే మారుపేర్లు కూడా నమోదై ఉన్నాయి. ‘వాడుకరి’ ఎదుట ‘సభ్యుడు’, ‘సభ్యులు’. ‘దస్త్రం’ ఎదుట ‘బొమ్మ’, ‘ఫైలు’. ‘సహాయం’ ఎదుట ‘సహాయము’ కనిపిస్తాయి. ఎవరైనా పాత పేరుతో లంకె రాసి ఉంటే అది నేటికీ సరైన పుటకే చేరుస్తుంది.

ఈ చిన్న జాబితాలో మూడు రకాల మార్పు దాగి ఉంది. ‘సహాయము’ నుంచి ‘సహాయం’ వర్ణక్రమ వ్యవహారానికి సంబంధించినది. ‘సభ్యుడు’ స్థానంలో ‘వాడుకరి’ రావడం భావశుద్ధికి చెందినది: సభ్యత్వం వేరు, వాడకం వేరు, పైగా ‘సభ్యుడు’ పుంలింగం, ‘వాడుకరి’ స్త్రీపురుషులకు సమానం. ‘బొమ్మ’ స్థానంలో ‘దస్త్రం’ రావడం భావం విస్తరించడం వల్ల జరిగినది. ధ్వనులు, దృశ్యాలు కూడా ఆ పేరుబరిలో చేరుతున్నందున మీడియావికీ 1.14 కూర్పులో మూలంలోనే ‘ఇమేజ్’ పేరు ‘ఫైల్’గా మారింది. పాట నిక్షిప్తమైన పుటను ‘బొమ్మ’ అనడం ఆ తరువాత పొసగదు. పదం మారడం ఈ మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ అనియతి కాదు. పాతపదం జాడ చెరిగిపోలేదు. కొత్తపదంతో దాని బంధం నమోదై ఉంది. వ్యూస్టర్ కోరిన ఏకత్వమూ, కబ్రే గుర్తించిన చలనమూ ఇక్కడ కలిసి ఉండగలిగాయి.

ఈ సౌకర్యం లంకెలకే పరిమితం. సహాయ పుటలోని గద్యానికి మారుపేర్లు లేవు. ఎప్పుడో రాసిన వివరణలో ‘బొమ్మ పేరుబరి’ అని ఉంటే యంత్రం దాన్ని గుర్తించి సరిచేయదు. ఆంగ్ల రూపంలో ‘సేవ్’ అన్న మీటను ‘పబ్లిష్’గా మార్చినప్పుడు, ‘భద్రపరచు’ అని బోధిస్తున్న ప్రతి తెలుగు వివరణా ఒక్కరోజులో పాతబడుతుంది. రాసింది బహిరంగంగా అందరికీ కనిపిస్తుందా, తనవరకే దాగి ఉంటుందా అన్నది కొత్తగా వచ్చిన రచయితకు చిన్న విషయం కాదు. రెండు పదాలూ ఒకేసారి చలామణి అయితే అతడికి తప్పుడు భరోసా కలుగుతుంది.

తెలుగు వ్యాకరణం తెచ్చే ప్రత్యేకతలు

పరిభాషా నియతిని పరీక్షించే ఉపకరణాలు ఎక్కువగా పదాన్ని అక్షరాల వరుసగా చూస్తాయి. తెలుగులో ‘దస్త్రం’ కోసం వెతికితే ‘దస్త్రంలో’ దొరుకుతుంది, ‘దస్త్రాన్ని’, ‘దస్త్రాలు’ దొరకవు. ఔపవిభక్తిక రూపాన్నీ బహువచనాన్నీ పదకోశంలోనే ఇవ్వకపోతే సరిగా రాసిన వాక్యం తప్పుగానూ, తప్పు రాసినది సరైనదిగానూ లెక్కకు వస్తుంది.

రెండోది విభక్తి. సందేశంలో దస్త్రం పేరు యంత్రం అప్పటికప్పుడు చేర్చేదైతే, దాని వెనుక ‘ను’ రావాలో ‘ని’ రావాలో, ‘కు’ రావాలో ‘కి’ రావాలో అనువాదకుడికి ముందుగా తెలియదు. ‘ఫలానా అనే దస్త్రాన్ని’ అని రాస్తే విభక్తి పారిభాషిక పదం మీద పడి వాక్యం నిలుస్తుంది. సంజ్ఞ ఇక్కడ అర్థాన్నే కాక వ్యాకరణాన్ని కూడా మోస్తోంది.

మూడోది సంబోధన. మీట మీద ‘భద్రపరచు’ అని ఉండటం అమర్యాద కాదు. అది వాడుకరి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ. సహాయ పత్రం వాడుకరితో మాట్లాడుతుంది కాబట్టి ‘నొక్కండి’ అంటుంది. ఈ ఇద్దరు శ్రోతల తేడా గ్రహించక మీటల్లో కొన్నింటిని ‘భద్రపరచు’ అనీ కొన్నింటిని ‘తెరవండి’ అనీ రాస్తే, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. ‘భద్రపరచు నొక్కండి’ అని మీట పేరును యథాతథంగా ఉదాహరించడమే సరైన పద్ధతి.

ముగింపు

‘ఫైలు’ మంచిదా ‘దస్త్రం’ మంచిదా అన్న వాదానికి ఈ వ్యాసం తీర్పు చెప్పడం లేదు. ఏదైనా చెల్లుతుంది, ఒకే పుటలో రెండూ చెల్లవు. అన్ని సంస్థలూ ఒకే పదం వాడాలని కోరడం కూడా అవసరం లేదు. తరచుగా వాడే పదాలకు ఉమ్మడి జాబితా తయారుచేయాలన్న ఫ్యూయెల్ వంటి ప్రయత్నాలు ఉపయోగకరమైనవే అయినా, జాబితా వెలువడిన మరునాడు కూడా పత్రాన్ని ఎవరో ఒకరు చదివి సరిచూడక తప్పదు.

తెలుగు శాఖలు చేయగలిగిన పని ఇక్కడే ఉంది. పదకోశంలోని ప్రతి ఆరోపానికీ భావ నిర్వచనం, ఎంచుకున్న పదం, దాని ఔపవిభక్తిక బహువచన రూపాలు, విడిచిపెట్టిన పాతపదాలు, విడిచిన కారణం ఉండాలి. ఇందులో ఏ అంశమూ కంప్యూటరు శాస్త్రం కాదు. అంతా నిఘంటు నిర్మాణం, వ్యాకరణం, పాఠపరిష్కరణ. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాల కోసం మాండలిక వృత్తిపదకోశాన్ని (1962) రూపొందించినప్పుడు పదాన్ని వృత్తి చేసేవారి నోటనుంచే గ్రహించారు. నేటి వృత్తి పదాలు తెరల మీద, మార్పుల చరిత్రతో సహా, అందరికీ తెరిచి ఉన్నాయి. ఒక తాళపత్ర ప్రతికీ మరో ప్రతికీ పాఠభేదాలు నిర్ణయించడంలో చూపే శ్రద్ధను ఒక సహాయ పత్రం రెండు కూర్పుల మీద చూపితే, తెలుగు తెరను తెరిచిన పాఠకుడు దాన్ని మూసి ఆంగ్లానికి మళ్లే సందర్భాలు కొన్నయినా తగ్గుతాయి.