ఓడిపోయాక వేసే ఎత్తులు

గ్రెగ్ కోస్ తీసిన "ఆల్ఫాగో" (2017) డాక్యుమెంటరీని, పులిజూదం తప్ప మరో ఆట రాని నేను రెండుసార్లు చూశానంటే నవ్వకండి. 'గో' ఆట చూడ్డానికి సులువే. నిలువు 19, అడ్డం 19 గీతల పలక, నల్లరాళ్లు, తెల్లరాళ్లు. ఎక్కువ చోటు చుట్టుకున్నవాళ్లది గెలుపు. 2016 మార్చిలో సియోల్‌లో కొరియా ఆటగాడు లీ సెడోల్ ఓ కంప్యూటర్ ప్రోగ్రాముతో అయిదాటలు ఆడాడు. మొదటి మూడూ ఓడిపోయాడు.

నన్నడిగితే చిత్రానికి ప్రాణమంతా నాలుగో ఆటే. 78వ ఎత్తుగా లీ ఓ తెల్లరాయి వేశాడు. తన పని చెడిందని యంత్రానికి 87 దగ్గరగానీ తెలియలేదు. తెలిశాక ఏం చేసింది? పిచ్చి ఎత్తులు మొదలుపెట్టింది! 180 దాకా పట్టు వదల్లేదు.

దానికి గెలుపా ఓటమా అన్నదే లెక్క; ఎంత తేడాతో అన్నది పట్టదు. అన్ని దారులూ మూసుకుపోతే, ఎదుటివాడు పసిపిల్లాడు కూడా చెయ్యని పొరపాటు చేస్తాడేమోనని ఆశపడుతుంది. సీరియల్ రాసే మాకు ఈ జబ్బు కొత్తకాదు. కథ అయిపోయిందని తెలిశాకే కథానాయికకి ఇంకో జ్వరం తెప్పిస్తాం.

గెలిచే అవకాశం నూటికి 10 పాళ్లకన్నా తగ్గితే ఆట వదులుకోవాలని ఆ ప్రోగ్రాముకి నియమం పెట్టినట్టు, దాన్ని తయారుచేసినవాళ్లే 2016 జనవరిలో 'నేచర్' పత్రికలో రాశారు. ఈ అంకె ఎవరి మర్యాద కోసం? చిత్రం ఈ ప్రశ్న దగ్గర నిలబడకపోవడమే నాకు కొరత. ఓడినవాళ్లు పలకమీద రాయో రెండో పెట్టి తలవంచడం ఆ ఆటలో ఆచారం. పోయిన ఆటని సాగదీస్తే ఎదుటివాణ్ణి తక్కువ చేసినట్టే. అలాగని 87 దగ్గరే లేచిపోతే? చూసేవాళ్లకి గెలుపు అర్థమయ్యేది కాదు. లీకి తన ఎత్తుని చివరిదాకా కాపాడుకున్న తృప్తీ దక్కేది కాదు. పైగా అతను మనిషి, అలసిపోతాడు, గడియారం తరుముతుంటుంది. అందుకని నిజంగా పోరాడే ఎత్తు మిగిలినంతసేపూ ఆడాల్సిందే. పిచ్చి ఎత్తు వెయ్యాల్సొచ్చిన క్షణం లేవాలి. ఆ తేడా 10 అనే అంకెకి తెలియదు, పలక ముందు కూర్చున్న మనిషికి తెలుస్తుంది.

చివరికి తెరమీద చిన్న డబ్బాలో, ఆల్ఫాగో వదులుకుందని అక్షరాలొచ్చాయి. తలవంచడానికి తల లేదుగా పాపం! దాని తరఫున రాళ్లు వేసే ఆజా హువాంగ్ మాత్రం లీ ఎదురుగా ఉన్నాడు. ఆ మొహం చూడండి. అయిదో ఆట యంత్రమే గెలిచింది. అది చూడకుండా లేచిపోయినా మీకేం నష్టంలేదు.